అక్షింత గింజ నాది, వంకర మీది

గోంగూర లేకపోతే నేను తుపాకి పట్టేదాన్ని కాదు.

జార్జియాలో కమ్మింగ్ ఊళ్లో మా ఇంటి వెనక కాస్త నేల ఉంది. మే నెల నుంచి కన్నబిడ్డలా సాకిన గోంగూర మడిని జింకలు మొదలంటా మేసిపోయాయి. గోంగూరతో ఆగాయా అంటే లేదు. బచ్చలి తీగ, చిక్కుడు పాదు, లేత సొరపిందెలు, అన్నీ ఊడ్చిపెట్టాయి. నైలాన్ వల కట్టాను. సబ్బు ముక్కలు వేలాడదీశాను. ఎవరో చెప్పారని మిరియాల నీళ్లు చల్లాను. అవి వాటికి చారులా రుచించినట్టున్నాయి, మరునాడు ఇంకో రెంటిని వెంటబెట్టుకొచ్చాయి. తెల్లారి మోడు మిగిలిన మడి ముందు నిలబడి నేను ఎత్తుకున్న తిట్లు కంచె అవతల పెద్దాయన చెవిన పడ్డాయి.

ఆయన నలభై ఏళ్లు ఫ్యాక్టరీలో లేత్ మెషిన్ మీద ఇనుము చెక్కి రిటైరైన మనిషి. తెలుగు రాకపోయినా తిట్లు తిట్లని తెలుస్తూనే ఉంటాయి కదా. కంచె మీద మోచేతులు ఆనించి, "ఇళ్ల మధ్య కాల్చడానికి వీల్లేదు. పైన కొండల్లో నాకు కొంచెం అడవి ఉంది. నవంబరులో వస్తావా?" అన్నాడు. ఆ మంటలో వస్తానన్నాను. తర్వాత మాట వెనక్కి తీసుకోవడం నా ఒంట్లో లేదు.

వేట క్లాసుకి వెళ్లాను, పరీక్ష రాశాను, లైసెన్సు తీసుకున్నాను. మా ఆయనది గుంటూరు. "నువ్వు ఉత్త నోటితో మాట్లాడితేనే మాకు గుండె దడ. చేతిలో తుపాకి కూడానా?" అన్నాడు. తలా ఒక వంట తెచ్చుకునే మా తెలుగువాళ్ల పాట్‌లక్‌లో ఈ సంగతి విని ఒకావిడ నా ప్లేటు పక్కనుంచి తన ప్లేటు తీసుకుని మెల్లగా జరిగింది. జరిగితే జరిగింది, ఆవిడ తెచ్చిన పులిహోరలో ఉప్పు లేదు.

మొదటి ఏడు ఊరికే కూర్చుని చూశాను. రెండో ఏడు పెద్దాయన తన రైఫిల్ నా చేతికిచ్చాడు. అది వాళ్ల నాన్నది. లీవర్ రైఫిల్ అంటారు. ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఇనప కడ్డీని కిందికి లాగితే కాల్చిన తూటా గొట్టం బయటికి ఎగిరిపోతుంది, పైకి తోస్తే కొత్త తూటా లోపలికి వెళ్తుంది. అంతే దాని విద్య. కానీ ఆ లాగడం, ఆ తోయడం ఎంత హాయిగా ఉన్నాయో చెప్పలేను. మా ఊళ్లో పాత బీరువాకి నూనె వేసిన గడియ పడ్డట్టు మెత్తగా పడేది. చెక్కకీ ఇనుముకీ మధ్య గోరు పెట్టే సందు లేదు. స్క్రూ తలల మీది గాడులన్నీ ఒకే వరసలో ఉన్నాయి. "ఎవరో కూర్చుని సరిచేసి ఉంటారు" అన్నాను. "సరిచేయడం కాదు. అప్పుడు అలాగే చేసేవాళ్లు" అన్నాడు. ఆ నవంబరులో నేనొక జింకని కొట్టాను. ఏడ్చాను. ఆ తర్వాత దాన్ని అల్లం వెల్లుల్లి దట్టించి వండాను. పెద్దాయన భార్య మూడుసార్లు వడ్డించుకుంది. నాకు ఆ అడవీ, ఆ చలీ, తెల్లారేదాకా కదలకుండా కూర్చోవడం పిచ్చిగా పట్టుకున్నాయి. ఆఫీసులో తలనొప్పి వచ్చినప్పుడల్లా కళ్లు మూసుకుంటే ఆ చెట్లే కనిపించేవి.

అందుకే మూడో ఏడు ఆగస్టులో అదే కంపెనీది, అదే మోడల్, కొత్తది కొన్నాను.

నా ఉద్యోగం టెస్టింగ్. ఇరవై ఏళ్లుగా ఇతరులు చేసినదాంట్లో తప్పులు వెతికి జీతం తీసుకుంటున్న దాన్ని. ఇంటికి ఏ వస్తువు వచ్చినా, మిక్సీ అయినా కుర్చీ అయినా, డబ్బా విప్పిన రోజే అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి పెట్టుకుంటాను. మా అమ్మాయి దీన్ని జబ్బు అంటుంది. రైఫిల్ విప్పిన రోజు కూడా వంటింటి బల్ల మీద పాత దుప్పటి పరిచి ఫొటోలు తీశాను. తీస్తుంటేనే ఒళ్లు మండడం మొదలైంది. బారెల్ చివర గురి చూసే ముక్క ఎడమకి ఒరిగి ఉంది, కల్లు తాగినవాడిలా. చెక్కకీ ఇనుముకీ మధ్య నా క్రెడిట్ కార్డు దూరింది. ఒక స్క్రూ తలని ఎవరో నమిలి వదిలేశారు. లీవర్ అంచు ఎంత పదునుగా ఉందంటే వేలు తెగింది. అది చివరి అరంగుళం మూసుకోదు. అరచేత్తో గట్టిగా చరిస్తే తప్ప.

షాపుకి పట్టుకెళ్లాను. కౌంటర్ వెనకాయన మర్యాదస్తుడే. "కొత్తది కదా మేడమ్. రెండు మూడు వందల తూటాలు కాల్చండి, దారికొస్తుంది" అన్నాడు.

"వంకర తిరిగిన గురి తూటాలు కాలిస్తే నిటారుగా లేస్తుందా?" అన్నాను.

వెనక గోడకి అదే మోడల్ ఇంకో మూడు ఉంటే దించమన్నాను. ఒకదాని గురి కుడికి ఒరిగింది. ఇంకోదాని చెక్క ఇనుము కంటే ఎత్తుగా ఉంది. మూడోది లీవర్ లాగితే లోపల ఇసుక పోసినట్టు గరగరలాడింది. "ఈమధ్య అన్నీ ఇంతే మేడమ్. ఎవరూ ఇంత పట్టి చూడరు" అన్నాడు. ఆ మాటే నాకు ఎక్కడో తగిలింది. ఎవరూ చూడరు కాబట్టి ఎలా చేసినా చెల్లుతుందనేగా అర్థం?

అయినా చెప్పినట్టే చేశాను. పెద్దాయనతో గురి సాధన చేసే రేంజ్‌కి వెళ్లి కాల్చాను. నాలుగో తూటాకి ఖాళీ గొట్టం లోపలే ఇరుక్కుంది. ఇరవయ్యో దానికి ఆ నమిలిన స్క్రూ ఊడి గడ్డిలో పడింది. పెద్దాయన రైఫిల్ తీసుకుని, అంచుల మీద బొటనవేలు పోనిచ్చి చూశాడు. "చెక్కిన తర్వాత ఆకురాయి పట్టే మనిషి ఉంటాడు. ఆ తర్వాత చూసే మనిషి ఉంటాడు. ఇద్దర్నీ ఇంటికి పంపేసినట్టున్నారు" అన్నాడు. ఆయన ముఖం చూస్తే సొంతవాళ్ల గురించి చెడు విన్నట్టు ఉంది.

కంపెనీకి ఫోన్ చేస్తే పంపమన్నారు. పంపడానికి మూడు రోజుల ముందు దసరా వచ్చింది. నేను చేసిన తప్పు అప్పుడే చేశాను.

మా ఇంట్లో ఆయుధ పూజ గట్టిగా చేస్తాం. నా లాప్‌టాప్, మా ఆయన డ్రిల్లు, కార్ తాళాలు, వంటింటి కత్తిపీట, మా అమ్మాయి కాలిక్యులేటర్, అన్నీ పీట మీద పెడతాం. ఇంట్లో నిజమైన ఆయుధం ఒకటి ఉండగా దాన్ని పక్కన పెట్టి కాలిక్యులేటర్‌కి దణ్ణం పెడతామా? తూటాలు లేవని రెండుసార్లు చూసుకుని, లీవర్ కిందికి తెరిచి, పీట మధ్యలో పెట్టాను. పసుపు రాశాను, కుంకుమ బొట్టు పెట్టాను, అందరం తలా గుప్పెడు అక్షింతలు వేసి దణ్ణం పెట్టుకున్నాం. మా ఆయన భక్తి ఎక్కువై రెండు గుప్పిళ్లు వేశాడు. తర్వాత బట్టతో శుభ్రంగా తుడిచాను. తుడిచాననే అనుకున్నాను. ఫొటోలన్నీ జతచేసి, ఒక్కో లోపం పక్కన అది ఎలా కనిపిస్తుందో, ఏం చేస్తే బయటపడుతుందో ఆఫీసులో రాసినట్టే రాసి, షాపు ద్వారా పంపించాను.

మూడు వారాలకి జవాబు వచ్చింది. ఉత్తరంతో పాటు ఒక ఫొటో. చిన్న ప్లాస్టిక్ సంచీలో, పక్కన కొలబద్ద పెట్టి, ఒక పచ్చటి బియ్యపు గింజ.

రైఫిల్ లోపల 'పరాయి పదార్థం' దొరికిందనీ, లీవర్ మూసుకోకపోవడానికి అదే కారణమనీ, పచ్చటి పొడి కూడా ఉందనీ రాశారు. వారంటీ వర్తించదు. అయినా నేను విలువైన కస్టమర్‌ని కాబట్టి సౌహార్దంగా కొత్త రైఫిల్ పంపుతారు. అది తీసుకునేటప్పుడు షాపులో ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. కాగితంలో ఒకటే వాక్యం. రైఫిల్‌లో కనిపించిన లోపాలకు యజమాని లోపల వేసిన పదార్థమే కారణమని నేను అంగీకరిస్తున్నాను, అని.

నవ్వొచ్చింది ముందు. ఆ గింజని అంత భద్రంగా, హత్య కేసులో సాక్ష్యంలా ఫొటో తీసినవాడు గురి ఎందుకు ఒరిగిందో చూడలేకపోయాడా? అక్షింతలు పడి బారెల్ మీద ఇనుము పక్కకి ఒరుగుతుందా? స్క్రూ తలని బియ్యపు గింజ నమిలిందా? ఆగస్టు ఫొటోల్లో మూసుకోని లీవర్‌కి అక్టోబరు అక్షింత కారణమా? తప్పంతా నాదే అయితే ఊరికే కొత్తది ఎందుకిస్తారు? ఎవరి చెవిలో పువ్వు పెడదామని?

ఇంట్లో మాత్రం నవ్వినదాన్ని నేనొక్కదాన్నే. మా ఆయన, "పోనీలే, ఒక్క సంతకమే కదా. వీసా పేపర్ల మీద ఎన్ని పెట్టలేదు మనం?" అన్నాడు.

"వాటి మీద ఉన్నది నిజం" అన్నాను.

మా అమ్మాయికి పదహారేళ్లు, ఇక్కడే పుట్టింది. ఫొటో చూసి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. "అమ్మా, సీరియస్‌లీ? నువ్వు గన్‌లో రైస్ వేశావ్. వాళ్ల దగ్గర ప్రూఫ్ ఉంది. జస్ట్ సైన్ చేసేయ్. ఇది చాలా ఎంబరాసింగ్."

"రైస్ వేయడం నా తప్పే. అది ఒప్పుకుంటా. మిగతాది ఎందుకు ఒప్పుకోవాలి?"

"ఎవరు కేర్ చేస్తారమ్మా, ఎవరూ చదవరు ఆ పేపర్."

పెద్దాయన కూడా అదే మాట. "కాగితం కాగితమే. థాంక్స్‌గివింగ్ సెలవుల వారానికి అడవికి వెళ్లాలంటే సంతకం పెట్టి తెచ్చుకో" అన్నాడు. ఆ మాటకి నాకు కొంచెం ఏడుపు వచ్చింది. ఆ వారం కోసం నేను ఏడాదంతా ఎదురుచూశానని ఆయనకి తెలుసు.

ఎవరూ చదవరన్న కాగితం ఒకదాని మీద నేను ఇదివరకు సంతకం పెట్టాను. ఇల్లినాయ్‌లో, షామ్‌బర్గ్‌లో నా మొదటి ఉద్యోగం. హెచ్-వన్-బి మీద వచ్చి ఎనిమిది నెలలు. ఒక ప్రోగ్రామ్ టెస్ట్ చేసి, పనిచేయడం లేదని చెప్పాను. మేనేజరు మన తెలుగువాడే. "ఏం కాదమ్మా, ముందు సైన్ ఆఫ్ ఇచ్చేయ్, తర్వాత ఫిక్స్ చేసుకుందాం. నీ వీసా ఎక్స్‌టెన్షన్ కూడా నేనే చూస్తున్నా కదా" అన్నాడు. అర్థమైంది. అంతా పనిచేస్తోందని సంతకం పెట్టాను. నెల తిరక్కుండా అది కుప్పకూలింది. పదిహేనుమంది ఉన్న మీటింగ్‌లో ఆ కాగితాన్ని గోడ మీద తెరకెక్కించి, నా సంతకం పెద్దది చేసి చూపించారు. మేనేజరు తన లాప్‌టాప్‌లోకి చూస్తూ కూర్చున్నాడు. నేను ముందే చెప్పానని అనడానికి నోరు లేవలేదు, ఎందుకంటే చెప్పలేదనే కదా నా సంతకం అంటోంది. ఉద్యోగం పోయింది. అరవై రోజుల్లో ఇంకోటి వెతుక్కున్నాను గానీ, ఆ తెర మీద నా పేరు ఇప్పటికీ కళ్లలో ఆడుతుంది. నన్ను ఎవరో మోసం చేశారన్నది కాదు నా బాధ. నేనే నా చేత్తో రాసిచ్చాను. ఆ రోజు నుంచి నేను చూడనిది చూశాననీ, చేయనిది చేశాననీ ఎక్కడా సంతకం పెట్టలేదు. ఇంట్లో ఈ సంగతి మా ఆయనకి తెలుసు, మా అమ్మాయికి అప్పటిదాకా తెలీదు. ఆ రోజు చెప్పాను. ఫోన్ బోర్లా పెట్టి కూర్చుంది.

థాంక్స్‌గివింగ్‌కి నాలుగు రోజుల ముందు రైఫిల్ వచ్చిందని షాపు నుంచి ఫోన్. మా అమ్మాయి డ్రైవింగ్ నేర్చుకుంటోంది, తనే తీసుకెళ్లింది. కౌంటర్ మీద డబ్బా విప్పాడు ఆయన. నేను లోపాలు వెతకడానికి కళ్లజోడు మార్చుకున్నాను. ఇది కూడా వంకరగా ఉంటుంది, అక్కడే ఎత్తి చూపించి, మొహం మీద కొట్టినట్టు చెప్పి వచ్చేద్దామని దారంతా మాటలు కూడబలుక్కున్నాను.

వంకర లేదు.

గురి నిటారుగా ఉంది. చెక్కా ఇనుమూ ఒకటే ముక్కలా అతుక్కున్నాయి. స్క్రూలన్నీ సరిగ్గా ఉన్నాయి. లీవర్ కిందికి లాగాను, పైకి తోశాను. మెత్తగా, పూర్తిగా, చివరి అరంగుళం కూడా మూసుకుంది. పెద్దాయన నాన్నగారి రైఫిల్ చేతిలో పట్టుకున్నట్టే ఉంది. నా చేతులు దాన్ని వదలనన్నాయి. షాపాయన కూడా వంగి చూసి, "ఇలాంటిది నేను చూసి చాలా ఏళ్లయింది మేడమ్. ఎవరో కావాలని ఏరి పంపారు" అన్నాడు.

నాకు అసలు కోపం అప్పుడు వచ్చింది. అప్పటిదాకా వీళ్లకి చేతకావడం లేదేమో, పాత పనివాళ్లు పోయారేమో, పాపం అని ఒక మూల జాలి ఉండేది. చేతకాకపోవడం కాదు. మంచిది ఎలా ఉంటుందో వాళ్లకి తెలుసు. చేయగలరు కూడా. గొడవ చేసినవాళ్లకి ఒకటి చేసి, నోరు మూయించి, మిగతావాళ్లందరికీ ఆ చెత్త అంటగట్టడం అన్నమాట. ఆ మిగతావాళ్లకి జవాబుగా చూపించడానికి నా సంతకం కావాలి. లోపాలేం లేవండీ, కస్టమర్లే ఏవో వేసుకుంటున్నారు, ఇదిగో కాగితం, అని.

ఆయన కాగితం, పెన్నూ ముందుకు జరిపాడు. నేను పెన్ను తీసుకుని ఆ వాక్యాన్ని ఈ చివర నుంచి ఆ చివరికి కొట్టేశాను. కింద రాశాను, ఇంగ్లీషులో, పెద్ద అక్షరాలతో: బియ్యపు గింజ నాది. దానికి నాది పూచీ. వంకర గురి, ఊడిన స్క్రూ, మూసుకోని లీవర్ మీవి. వాటికి మీది పూచీ. దాని కింద సంతకం చేసి, తేదీ వేసి, వెనక్కి తోశాను.

ఆయన చదివి గడ్డం గోక్కున్నాడు. "ఇది వాళ్లు ఒప్పుకోరు మేడమ్. వాళ్ల మాట మీద సంతకం లేకుండా రైఫిల్ ఇవ్వొద్దని రాశారు."

"అయితే ఇవ్వకండి. ఇక్కడే ఉంచండి."

"ఇంత మంచిది మళ్లీ దొరకదు."

"తెలుసు" అన్నాను. రైఫిల్‌ని డబ్బాలో నేనే పడుకోబెట్టి మూత వేశాను.

పార్కింగ్‌లో మా అమ్మాయి కారు స్టార్ట్ చేయలేదు. షాపు అద్దాల్లోంచి అంతా చూస్తూనే ఉందట. "అది బాగుందా?" అంది.

"చాలా బాగుంది."

"అయినా నో చెప్పావా?"

"చెప్పాను."

స్టీరింగ్ మీంచి చేతులు తీసింది. తర్వాత, "ఓకే. ఆ పేపర్ ఫొటో తీశావా?" అని అడిగింది. తీయలేదు. నేను, అన్నిటికీ ఫొటోలు తీసే నేను, ఆ ఒక్కటీ మర్చిపోయాను. అది కారు దిగి లోపలికి వెళ్లి ఫొటో తీసి తెచ్చింది.

ఆ నవంబరులో చేతులూపుకుంటూ పెద్దాయనతో అడవికి వెళ్లాను. చలికి కాళ్లు కొయ్యబారాయి. ఎనిమిది గంటలప్పుడు నా వైపు, నలభై అడుగుల్లో, కొమ్ములున్న పెద్ద జింక వచ్చి నిలబడింది. పెద్దాయన తన రైఫిల్ నాకు అందించబోయాడు. తల అడ్డంగా ఊపాను. ఆయన కూడా కాల్చలేదు. అది మా ఇద్దర్నీ చూసి, తోక ఊపుకుంటూ తన దారిన పోయింది. తిరిగొచ్చేటప్పుడు ట్రక్కులో, "నువ్వు మొండిదానివి" అన్నాడు ఆయన. కాదనలేదు.

నా పేరు రాసిన చీటీతో ఆ డబ్బా షాపు వెనక గదిలోనే ఉంది. ఇంకోటి కొనుక్కోమని మా ఆయన అన్నాడు. ఎందుకు కొనుక్కోవాలి? నా రైఫిల్ నాకు రావాలి. నెలకోసారి కంపెనీకి అవే ఫొటోలు, అదే ఉత్తరం, తేదీ మార్చి పంపుతున్నాను. మొన్న, ఏడాది తిరిగి మళ్లీ వేట మొదలయ్యే వేళకి, షాపాయన ఫోన్ చేశాడు. ఉత్సాహంగా ఉన్నాడు.

"మేడమ్, వాళ్లు దిగొచ్చారు. 'కారణమని అంగీకరిస్తున్నాను' తీసేశారు. 'కారణమై ఉండవచ్చునని అంగీకరిస్తున్నాను' అని మార్చారు. ఇవాళ వస్తారా?"

"మొత్తం వాక్యం తీసేశాక చెప్పండి, వస్తాను" అన్నాను.

ఆయన నిట్టూర్చాడు. "దానికి ఇంకో ఏడాది పట్టొచ్చు."

"పట్టనివ్వండి. నాకేం తొందర లేదు."

అది పచ్చి అబద్ధం. ఆకులు రంగు మారితే చాలు, ఆ కొండల కోసం నాకు ప్రాణం కొట్టుకుపోతుంది. కాకపోతే ఆ అబద్ధం కింద సంతకం పెట్టమని ఎవరూ అడగలేదు.